పడవ అడుగున కరిగే రంగు: ఏది కొనాలి, ఎంత పెట్టాలి

తెరచాప పడవ కొన్నవాళ్లు మొదటి ఏడాదంతా తెరచాపల గురించీ తాళ్ల గురించీ ఇంజన్ గురించీ అడుగుతుంటారు. రెండో ఏడాది ప్రశ్న మారుతుంది. అడుగుకు ఏ రంగు వెయ్యాలి? దుకాణంలో పేర్చిన డబ్బాల ముందు నిలబడితే నిజంగానే టెన్షన్ వస్తుంది. ఒక డబ్బా మీద హార్డ్ అని ఉంటుంది, ఒకదాని మీద అబ్లేటివ్ అని, ఇంకోదాని మీద సెల్ఫ్ పాలిషింగ్ అని. ఒకదానిలో రాగి పాతిక శాతం, పక్కదానిలో అరవై శాతం. ధరల్లో రెండు మూడు రెట్ల తేడా. అన్నీ ఇచ్చే మాట మాత్రం ఒకటే, పడవ అడుగు శుభ్రంగా ఉంటుందని.

ఈ చిక్కు విప్పడానికి ఒక్క సంగతి పట్టుకోవాలి. గోడకు వేసే రంగు ఎంతకాలం చెక్కుచెదరకుండా ఉంటే అంత మంచిది. పడవ అడుగుకు వేసే యాంటీఫౌలింగ్ పెయింటు సంగతి వేరు. అందులోని మందు నీళ్లలోకి కొద్దికొద్దిగా కరుగుతూ ఉంటేనే అది పనిచేస్తుంది. కరగడం ఆగిందంటే, రంగు కంటికి నిండుగా కనిపిస్తున్నా, దాని పని అయిపోయినట్టే. అంటే డబ్బా కొన్నప్పుడు మనం కొంటున్నది కరిగే వేగాన్ని. ఏ వేగం మన పడవకు సరిపోతుంది, ఆ వేగం ఎన్ని నెలలు నిలుస్తుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే, ధర గురించి ఆలోచించడం తేలికవుతుంది.

అడుగుకు పట్టేది ఏమిటి

శుభ్రమైన పడవను నీళ్లలో దించిన కొన్ని గంటలకే దాని అడుగున కంటికి కనిపించని పొర ఒకటి మొదలవుతుంది. ముందు బాక్టీరియా, ఆ తర్వాత డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు కణాలు. కొద్ది రోజుల్లో చెయ్యి పెడితే జారే పాచి తయారవుతుంది. దాని మీద నాచు బీజాలు పడి మొలకెత్తుతాయి. ఆ తర్వాత గుల్లల జాతి వస్తుంది: బార్నకిల్స్, ఆల్చిప్పలు, గొట్టంలాంటి సున్నపు గూడు కట్టుకునే పురుగులు.

వీటిలో బార్నకిల్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఖర్చులో ఎక్కువ భాగం దానితో చేసే పోరాటానికే. పుట్టినప్పుడు అది నీళ్లలో ఈదే చిన్న లార్వా. స్థిరపడే వయసు వచ్చేసరికి తిండి మానేసి, మీసాల్లాంటి స్పర్శాంగాలతో రాళ్లనూ కొయ్యలనూ పడవలనూ తడిమి చూస్తుంది. చోటు నచ్చితే అక్కడే ఒక జిగురు వదిలి అతుక్కుంటుంది. ఆ తర్వాత ఇక కదలదు. చుట్టూ సున్నపు గోడలు కట్టుకుని జీవితాంతం అక్కడే ఉంటుంది. చచ్చిపోయినా దాని పునాది మాత్రం పడవకు అంటుకునే ఉంటుంది, గీకితే రంగుతో సహా ఊడి వస్తుంది. అందుకే పెయింటు పని బార్నకిల్‌ను చంపడం కన్నా, అది తడిమి చూసే ఆ కొద్దిసేపట్లో అక్కడ కుదురుకోనివ్వకపోవడం. ఒకసారి పెద్దదై కూర్చున్న బార్నకిల్‌ను ఏ పెయింటూ దించలేదు.

తెరచాప పడవకు ఈ పట్టు ఎక్కువ నష్టం చేస్తుంది. మెల్లగా వెళ్లే పడవను నీళ్లు వెనక్కి లాగే బలంలో పెద్ద వాటా అడుగు ఒరిపిడిదే. ఇంజన్ పడవ అయితే ఇంకొంచెం ఇంధనం పోసి ఆ లోటు పూడ్చుకుంటుంది. పలుచటి గాలి మీద నడిచే పడవకు ఆ అవకాశం లేదు. ఒట్టి పాచి పట్టినా తేడా తెలుస్తుంది. గుల్లలు పట్టాక అయితే గాలికి ఎదురుగా వంకర దారుల్లో వెళ్లాల్సినప్పుడు పడవ చెప్పిన మాట వినదు, చుక్కాని బరువెక్కుతుంది. ఒడ్డు దగ్గర గాలి పడిపోయి, ప్రొపెల్లర్‌కు గుల్లలు పట్టి ఇంజన్ కూడా తోయలేని స్థితి వస్తే, అది భద్రతకు సంబంధించిన విషయం. అందుకే దీన్ని సోకు ఖర్చుల కింద రాయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

రాగి నేర్పిన పాఠం

రాగి ఎలా పనిచేస్తుందో అర్థం కావాలంటే రెండు వందల యాభై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి. 1761లో బ్రిటిష్ నౌకాదళం హెచ్ఎమ్ఎస్ అలార్మ్ అనే ఓడ అడుగుకు రాగి రేకులు తాపడం చేయించింది. చెక్కను తొలిచే పురుగు నుంచి కాపాడుకోవడం ఆ పని వెనకున్న ముఖ్య ఉద్దేశం. పురుగు ఆగింది, నాచూ గుల్లలూ కూడా పెద్దగా పట్టలేదు. కానీ రాగికి తగిలి ఉన్న ఇనప మేకులు ఉప్పునీటిలో తినుకుపోయాయి. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో ఒకదానికొకటి తగిలితే, వాటి మధ్య చిన్న బ్యాటరీలాంటిది ఏర్పడి బలహీనమైన లోహం కరిగిపోతుంది. 1780లలో ఆ నౌకాదళమంతా రాగి తొడుక్కుంది, మేకులను కూడా రాగి మిశ్రమంతో చేయించుకుంది.

రాగి రేకులు కూడా ఏళ్లు గడిచేకొద్దీ పలచబడుతున్నాయని, దానికి ఉపాయం చెప్పమని రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీని అడిగారు. 1824లో ఆయన రాగికి ఇనుము, జింక్ ముక్కలు తగిలించి చూశాడు. ఆయన లెక్క సరిగ్గా కుదిరింది. రాగికి బదులు ఆ ముక్కలు కరిగాయి, రాగి అలాగే నిలిచింది. కానీ కాపాడిన ఆ రాగి మీద నాచూ బార్నకిల్సూ దట్టంగా పెరిగాయి. కరగని రాగి గుల్లలకు మామూలు రాయితో సమానం. కుండలో కూడు కుండలోనే ఉండాలి, పిల్లాడు మాత్రం దుడ్డులా ఉండాలి అంటే కుదరదన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమైంది. ఈనాటికీ పడవ యజమానులు అడిగే చాలా ప్రశ్నలకు డేవీ చేసిన ఆ ప్రయోగంలోనే జవాబు ఉంది.

కరిగే పద్ధతులు

ఇప్పటి పెయింట్లలో ఎక్కువగా వాడేది క్యుప్రస్ ఆక్సైడ్, అంటే రాగీ ఆక్సిజనూ కలిసిన ఎర్రటి పొడి. దాన్ని పెయింటులో ఎలా పట్టి ఉంచారు, ఎలా వదులుతారు అన్నదాన్ని బట్టి రకాలు వస్తాయి.

హార్డ్ పెయింటులో రాగి రేణువులు రెసిన్ అనే గట్టి జిగురులో ఒకదానికొకటి ఆనుకుని దట్టంగా ఉంటాయి. పైన ఉన్నది కరిగితే ఏర్పడిన సందులోంచి నీళ్లు కిందిదాన్ని చేరుకుంటాయి. రెసిన్ మాత్రం అలాగే ఉండిపోతుంది. దీనివల్ల వచ్చే మేలు గట్టిదనం. బ్రష్షుతో రుద్దినా తట్టుకుంటుంది, నున్నగా అరగదీసి పందేల పడవలకు వాడుకోవచ్చు. వచ్చే ఇబ్బంది వేగం ఒకేలా ఉండకపోవడం. కొత్తలో అవసరానికి మించి రాగి పోతుంది, నెలలు గడిచేకొద్దీ నీళ్లు లోతుకు వెళ్లాల్సి వచ్చి వేగం పడిపోతుంది. చివరికి రాగి అయిపోయిన రెసిన్ గూడు మిగులుతుంది. మరుసటి ఏడాది దాని మీదే ఇంకో రెండు కోట్లు, ఆపై ఏడాది మరో రెండు. అలా పేరుకుపోయిన మందం ఒకరోజు పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. ఇంకో మాట. ఇలాంటి పెయింటు వేసిన పడవను నీళ్లలోంచి తీసి చాలాకాలం ఒడ్డున ఉంచితే, గాలి తగిలి పైన ఉన్న రాగి రూపం మారి శక్తి పోగొట్టుకుంటుంది.

అబ్లేటివ్ పెయింటు సబ్బుబిళ్లలా అరుగుతుంది. పాతకాలపు రకాల్లో రోజిన్, అంటే పైన్ చెట్ల జిగురు, ఉప్పునీటిలో మెల్లగా కరుగుతూ రాగిని వదులుతుంది. మెరుగైన రకాల్లో కోపాలిమర్ అనే కృత్రిమ రెసిన్ వాడతారు. అది సముద్రపు నీటితో రసాయనికంగా చర్య జరిపి, పైపొర మాత్రమే కరిగేలా ఉంటుంది. సెల్ఫ్ పాలిషింగ్ అనే పేరు దానిదే. పాత పొర పోతూ ఉంటే కింద ఎప్పుడూ తాజా పొర బయటపడుతుంది. కాబట్టి మందం ఉన్నంతకాలం మందూ ఉంటుంది, పాత రంగు గుట్టలా పేరుకోదు, శీతాకాలానికి ఒడ్డుకెక్కించి మళ్లీ దించినా పనిచేస్తుంది. దీని బలహీనత కూడా ఆ అరుగుదలే. గట్టిగా రుద్దితే కొన్ని నెలల రంగు ఒక్క పూటలో పోతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. వారాంతాల్లో బయటికి వెళ్తూ, నెలకు కొన్నిసార్లు కదిలే మామూలు క్రూజింగ్ పడవకు కోపాలిమర్ అబ్లేటివ్ మొదటి ఎంపిక. నెలనెలా డైవర్‌తో అడుగు తుడిపించే అలవాటు ఉంటే, లేదా పందేలకు వెళ్తుంటే, హార్డ్ పెయింటు. మిగతావన్నీ ప్రత్యేకమైన పరిస్థితులకు.

ఆ ప్రత్యేకమైనవి కూడా చూద్దాం. ఎపాక్సీ అనే గట్టి రెసిన్‌లో రాగి పొడి బాగా దట్టించి వేసే పూత ఒకటుంది. ఒకసారి సరిగ్గా వేస్తే పదేళ్లు వస్తుందని తయారీదారుల మాట. కానీ దానికి అడుగు మొత్తం పాత రంగు లేకుండా గీకించాలి, వాతావరణం పొడిగా ఉండాలి, కోటు మీద కోటు ఆరేలోగా పడాలి. మొదట పెట్టే డబ్బు పెద్దది కాబట్టి, ఆ పడవను చాలా ఏళ్లు ఉంచుకునే వాళ్లకే గిట్టుబాటు. సిలికోన్ పూతలు ఇంకో దారి పట్టాయి. చాలావాటిలో మందే ఉండదు, నున్నదనం వల్ల ఏదీ గట్టిగా పట్టుకోలేదు. వేగంగా వెళ్లే పెద్ద ఓడల మీద పట్టినది నీళ్ల ఒరిపిడికే రాలిపోతుంది. అయిదారు నాట్ల (గంటకు సుమారు పది కిలోమీటర్ల) వేగంతో వెళ్లే తెరచాప పడవకు ఆ ఒరిపిడి చాలకపోవచ్చు, కానీ మెత్తటి స్పాంజితో తుడిస్తే వచ్చేస్తుంది. పడవను పైకెత్తే పట్టీలు రాసుకున్నా, ఇసుకలో దిగబడినా సిలికోన్ చిరుగుతుంది. దాని మీద మామూలు పెయింటు అంటుకోదు, మనసు మార్చుకుంటే అంతా గీకాల్సిందే. చెవికి వినపడని శబ్దంతో అడుగుకు ఏదీ పట్టకుండా చేస్తామనే అల్ట్రాసౌండ్ పరికరాలు కొన్నవాళ్లలో కొందరు మెచ్చుకుంటారు, కొందరు పెదవి విరుస్తారు. పెయింటుకు బదులుగా వాటిని నమ్ముకోమని నేను చెప్పను.

రాగి శాతం మీద పడవద్దు

డబ్బా మీద రాగి శాతం చూసి ఎంచుకోవడం చాలామంది చేసేది. అది బరువులో వాటా మాత్రమే, కరిగే వేగం కాదు. రాగి ఎక్కువ ఉన్నా రెసిన్ దాన్ని బిగించి పట్టుకుంటే నీళ్లలోకి వచ్చేది తక్కువే. తక్కువ రాగి ఉన్న మంచి కోపాలిమర్ దానికన్నా నిలకడగా పనిచేయవచ్చు. పైగా రాగి గుల్లల మీద బాగా పనిచేస్తుంది గానీ కొన్ని రకాల పాచి, నాచు దాన్ని లెక్కచేయవు. అందుకే జింక్ పైరిథియోన్‌లాంటి మందును తోడుగా కలుపుతారు. వాటర్‌లైన్ దగ్గర, అంటే పడవ పక్కకు నీటిమట్టం తగిలే గీత దగ్గర, ఎండ తగిలే చోట పచ్చటి గడ్డం పెరుగుతోంది అంటే, కావాల్సింది ఎక్కువ రాగి కాదు, నాచు మందు కలిపిన పెయింటు. రాగి లేకుండా ట్రాలోపైరిల్ అనే మందుతో వచ్చే పెయింట్లు కూడా ఉన్నాయి. అవి గుల్లల మీద గట్టిగా పనిచేస్తాయి, వాటికీ నాచు మందు తోడు కావాలి. రాగి ఎరుపు లేకపోవడం వల్ల తెలుపు, లేత రంగులు వీటిలో బాగా వస్తాయి.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోవడం డబ్బా మీద రాతలు చదవడం కన్నా ముఖ్యం. వెచ్చటి నీళ్లు, ఉప్పు, మురుగు కాలువల నుంచి వచ్చే పోషకాలు, కదలని పడవ, ఈ నాలుగూ కలిస్తే పట్టు అతి వేగంగా వస్తుంది. మంచినీటి సరస్సులో బార్నకిల్స్ బతకవు, అక్కడ పాచితో, కొన్నిచోట్ల జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పతో మాత్రమే తంటా. సముద్రానికని తయారుచేసిన ఖరీదైన పెయింటు అక్కడ దండగ. ఒకే రేవులో కూడా తేడాలుంటాయి, నది నీరు వచ్చి కలిసే మూల ఒకలా, నీళ్లు నిలిచే మూల ఇంకోలా. పక్క పడవల వాళ్లను, బోట్‌యార్డ్‌లో పనిచేసే వాళ్లను అడగండి. ఏడాది పొడవునా ఒడ్డుకెక్కే పడవల అడుగులు చూసే వాళ్లకు ఉన్న జ్ఞానం ఏ ప్రకటనలోనూ దొరకదు.

లోహం, పాత రంగు

ఇక్కడ తప్పు చేస్తే డబ్బుతో పాటు పడవకే ముప్పు. అల్యూమినియం పడవకు క్యుప్రస్ ఆక్సైడ్ పెయింటు వేయకూడదు. హెచ్ఎమ్ఎస్ అలార్మ్ మేకులకు జరిగిందే అల్యూమినియంకూ జరుగుతుంది, లోహం గుంటలు గుంటలుగా తినుకుపోతుంది. దానికి రాగి లేని పెయింట్లు ఉన్నాయి. కొన్ని తయారీల్లో క్యుప్రస్ థయోసైనేట్ అనే రాగి రూపాన్ని, కింద మంచి ఎపాక్సీ ప్రైమర్ ఉంటే, అనుమతిస్తారు. ఫైబర్‌గ్లాస్ పడవకైనా, ఇంజన్ నుంచి అడుగు గుండా ప్రొపెల్లర్ దాకా దిగే సెయిల్‌డ్రైవ్ కాలు ఉంటే అది అల్యూమినియంతో చేసినదే. దానికి వేరే పెయింటు వేసి, చుట్టూ రాగి పెయింటుకు ఒక అంగుళం ఎడం వదలాలి. జింక్ ముక్కల మీద, అంటే యానోడ్ల మీద, ఏ రంగూ పడకూడదు. అవి డేవీ తగిలించిన ముక్కల సంతతే, కరగడానికే ఉన్నాయి. లోతు కొలిచే ట్రాన్స్‌డ్యూసర్‌కు దానికని వచ్చే పలుచటి పెయింటు వాడాలి.

రెండో చిక్కు పాత రంగు. గట్టి రంగు మీద మెత్తది వేయవచ్చు, శాండ్‌పేపర్‌తో బాగా గరుకు చేసి. మెత్తటిదాని మీద గట్టిది వేస్తే, పునాది కరిగిపోతుంటే పైన గోడ కట్టినట్టే. వినైల్ అనే గట్టి రకాల్లోని ఘాటైన సాల్వెంట్ కింది రంగును ముడతలు పడేలా లేపేస్తుంది. పడవ సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు కింద ఏముందో తెలియకపోతే రెండు దారులు: అంతా తీసేయడం, లేదా పాత రంగు గట్టిగా అంటుకునే ఉంటే దాన్ని మూసే టై కోట్ వేయడం. పడవ అమ్మేవాళ్లను ఇంజన్ గంటలు ఎన్ని అని అడుగుతాం. అడుగున ఏ పెయింటు ఉంది, ఎన్ని కోట్లు ఉన్నాయి అని కూడా అడగాలి. ఆ జవాబు విలువ చాలా రోజుల కూలి.

ఎంత పెయింటు కావాలి

అడుగు వైశాల్యం కట్టడానికి సులువైన లెక్క ఉంది. వాటర్‌లైన్ దగ్గర పడవ పొడవు తీసుకోండి. వెడల్పు, నీళ్లలో మునిగే లోతు, ఈ రెండూ కూడి దానితో హెచ్చించండి. పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగే రెక్కను కీల్ అంటారు; అది పూర్తి పొడవునా ఉన్న బరువైన పడవకు అదే వైశాల్యం. మధ్యరకం పడవకు అందులో ముప్పాతిక, సన్నటి ఫిన్ కీల్ ఉన్న తేలికపాటి పడవకు సగం.

ఉదాహరణకు వాటర్‌లైన్ పొడవు 9 మీటర్లు, వెడల్పు 3.3, లోతు 1.8 అనుకుందాం. 3.3కు 1.8 కలిపితే 5.1, దాన్ని 9తో హెచ్చిస్తే 45.9. ముప్పాతిక తీసుకుంటే 34 చదరపు మీటర్లు, సగం అయితే 23. పడవ ఆ రెంటికీ మధ్యలో ఉంటే సుమారు 30 అనుకోవచ్చు. లీటరుకు 9 చదరపు మీటర్లు వస్తాయనుకుంటే, రెండు కోట్లకు 60 చదరపు మీటర్లు, అంటే 6.7 లీటర్లు. వాటర్‌లైన్ పట్టీ, కీల్ ముందు అంచు, చుక్కాని అంచులు త్వరగా అరుగుతాయి కాబట్టి అక్కడ మూడో కోటు తప్పదు. దానికి కలిపితే ఏడున్నర లీటర్లు. రెండున్నర లీటర్ల డబ్బాలైతే మూడు, అమెరికన్ గాలన్ డబ్బాలైతే రెండు.

ఈ ఏడున్నరను ఆరుకు దించి పొదుపు చేయాలనిపిస్తుంది. అబ్లేటివ్ విషయంలో అది పొదుపు కాదు. దాని ఆయుష్షు మందంలోనే ఉంది. రంగు పలచగా లాగి రోలర్ తిప్పినవాళ్లకు తగ్గేది లీటర్లే కాదు, నెలలు కూడా.

నెలకు ఎంత పడుతోంది

డబ్బా ధరలు పోల్చుకుని చవకది తెచ్చుకోవడం సహజం. కానీ పడవను క్రేనుతో పైకెత్తించడం, ప్రెషర్ వాష్, స్టాండ్ల మీద రోజుకింత అద్దె, మళ్లీ దించడం, ఇవన్నీ ఏ పెయింటుకైనా ఒకటే. అందుకే చూడాల్సింది మొత్తం ఖర్చును నీళ్లలో గడిచే నెలలతో భాగించగా వచ్చే అంకె.

అర్థం కావడానికి ఊహించిన అంకెలతో చూద్దాం. పైకెత్తించడం నుంచి దించడం దాకా 100 వంతులు. శాండ్‌పేపర్, రోలర్లు, టేపు, మాస్కులు, కొత్త యానోడ్లు కలిపి 30. చవక పెయింటు 40, ఖరీదైనది దానికి రెట్టింపు, 80. చవకది ఏడాది వస్తే మొత్తం 170ని 12తో భాగించండి, నెలకు 14 చిల్లర. ఖరీదైనది రెండేళ్లు వస్తే 210ని 24తో భాగించండి, నెలకు తొమ్మిదికి లోపే. డబ్బా ధర రెట్టింపైనా నెల ఖర్చు మూడో వంతుకు పైగా తగ్గింది. అసలు ఆ పెయింటు పదిహేను నెలలు నిలిచినా చాలు, పెట్టిన అదనం తిరిగొచ్చేస్తుంది. పని మీరు కాక కూలికిచ్చి చేయిస్తే, మారని ఖర్చు ఇంకా పెరుగుతుంది కాబట్టి ఖరీదైన పెయింటు వైపే తూకం ఇంకా మొగ్గుతుంది. మీ బోట్‌యార్డ్ చెప్పిన రేట్లు పెట్టి ఈ లెక్క మళ్లీ వేసుకోండి.

లెక్క తిరగబడే సందర్భం ఒకటుంది. నీళ్లు గడ్డకట్టే చోట ప్రతి శీతాకాలం పడవను ఎలాగూ పైకి తీయాలి. అప్పుడు ఆ 100 వంతులు పెయింటు వల్ల వచ్చిన ఖర్చు కాదు. అక్కడ నీళ్లలో ఉండేదే ఆరు నెలలు, చవక అబ్లేటివ్ ఆ ఆరు నెలలు కాస్తే సరిపోతుంది. కోపాలిమర్ అయితే రెండో ఏడాది అరిగిన చోట్ల మాత్రమే ఒక కోటు వేసి నడిపించవచ్చు. అప్పుడు కూడా డబ్బాలు కాదు, రెండేళ్లకు కలిపి ఎన్ని లీటర్లు పడతాయో పోల్చాలి.

బడ్జెట్‌లో చాలామంది రాయని పద్దు గీకుడు. హార్డ్ పెయింటు ఏటా పేరుకుంటుంది. ఎనిమిదేళ్లకో పదేళ్లకో అంతా తీయించాల్సి వస్తుంది. అది పెయింటు వేయడం కన్నా ఎన్నో రెట్లు పెద్ద పని, కూలీ అయితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఉదాహరణలో దానికి 300 వంతులు అనుకుంటే, ఎనిమిదేళ్లకు పంచితే ఏటా 37. చవక హార్డ్ పెయింటు అన్నది నిజానికి చవక కాదని ఈ పద్దు రాసినప్పుడే తెలుస్తుంది. నేను గీకుడు బ్లేడు పట్టుకుని ఒక కీల్ పక్కన వెల్లకిలా పడుకున్న రోజుల్లో, ఏడు రంగుల పొరలు చెట్టు వయసు చెప్పే వలయాల్లా కనిపించాయి. ఒక్కో పొర ఎవరో ఒకరు ఆ ఏడాదికి వాయిదా వేసిన పని.

డైవర్ ఖర్చు కూడా ఇదే పుస్తకంలోకి రావాలి. హార్డ్ పెయింటు ఎంచుకుంటే అడుగు తుడిపించే ఖర్చు దానికి జత. అబ్లేటివ్ మీద అయితే డైవర్‌కు ముందే చెప్పండి, మెత్తటి గుడ్డ తప్ప బ్రష్షు వద్దని. తుడుస్తుంటే నీళ్లలో రంగు మేఘంలా లేస్తోందంటే, కొన్న నెలలు అలా కొట్టుకుపోతున్నాయని అర్థం.

వేసే రోజు

డబ్బా తెరిచాక ఎంత కలిపితే అంత మేలు. క్యుప్రస్ ఆక్సైడ్ నీటికన్నా సుమారు ఆరు రెట్లు సాంద్రమైనది, అడుక్కి దిగి ముద్దలా ఉంటుంది. పైన తేలిన పలుచటి ద్రవం మొదటి సగం పడవకు, అడుగు ముద్ద మిగతా సగానికి వేసినవాళ్లు, ఒకవైపే గుల్లలు పట్టాయని ఆ తర్వాత పెయింటును నిందిస్తారు. డ్రిల్లుకు తెడ్డు తగిలించి కలపండి, మధ్య మధ్యలో మళ్లీ కలపండి.

మొదటి కోటు ఒక రంగు, పై కోట్లు ఇంకో రంగు వేస్తే ఎంతో ఉపయోగం. పైది అరిగి కింది రంగు కనిపించిన చోట పెయింటు అయిపోవస్తోందని తెలిసిపోతుంది. ఇది అబ్లేటివ్‌కు అన్నిటికన్నా చవకైన మీటరు. కోటుకూ కోటుకూ మధ్య ఆగాల్సిన సమయం, వేశాక ఎన్ని రోజుల్లోగా నీళ్లలో దించాలన్న గడువు డబ్బా మీద రాసి ఉంటాయి. క్రేను తేదీ ఖరారు చేసుకున్నాకే పెయింటు వేయడం మంచిది, ముఖ్యంగా హార్డ్ రకాలకు.

పాత రంగును పొడిగా రుద్దవద్దు. ఆ దుమ్ములో రాగీ మందులూ ఉంటాయి, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లే దుమ్ము. తడిపి రుద్దాలి, లేదా వాక్యూమ్ తగిలించిన యంత్రం వాడాలి. బట్ట మాస్కు చాలదు, సన్నటి దుమ్మును ఆపే ఫిల్టర్లున్న రెస్పిరేటర్, కళ్లద్దాలు, ఒళ్లంతా కప్పే దుస్తులు కావాలి. పిల్లలను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. గీకిన పెచ్చులు కింద పరిచిన ప్లాస్టిక్ పట్టాలో పోగుచేసి ప్రమాదకర వ్యర్థాల కింద ఇవ్వాలి.

కరిగినది ఎక్కడికి వెళ్తుంది

మన పడవ మీద కరిగిన మందు మన రేవు నీళ్లలోనే ఉంటుంది. దీన్ని ప్రపంచం ఒకసారి చాలా బాధాకరంగా నేర్చుకుంది. 1970లలో ట్రైబ్యుటైల్ టిన్ అనే తగరపు సమ్మేళనంతో వచ్చిన పెయింట్లు అద్భుతంగా పనిచేశాయి. అదే సమయంలో ఫ్రాన్స్‌లోని ఆర్కషోన్ ఖాతంలో పెంచే ఆయిస్టర్ల గుల్లలు వికృతంగా తయారయ్యాయి, కొత్త పిల్లలు నిలవలేదు. కొన్ని నత్త జాతుల్లో ఆడవాటికి మగ అవయవాలు పెరిగి సంతానం ఆగిపోయింది. 1982లో ఫ్రాన్స్ చిన్న పడవల మీద ఆ పెయింటును ఆపింది. అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. సైబ్యుట్రిన్ అనే నాచు మందు మీద కూడా 2023 నుంచి అదే ఒప్పందం కింద నిషేధం ఉంది.

రాగి అంత భయంకరమైనది కాదు, అయినా వందల పడవలు ఇరుకుగా ఆగే రేవులో అది పోగుపడుతుంది. కాలిఫోర్నియాలో 2018 జులై నుంచి చిన్న పడవల పెయింట్లకు రోజుకు ఒక చదరపు సెంటీమీటరు నుంచి 9.5 మైక్రోగ్రాములకు మించి రాగి విడుదల కాకూడదన్న పరిమితి ఉంది. నియమాలు ఒక్కో తీరానికి ఒక్కోలా ఉన్నాయి కాబట్టి, కొనేముందు మీ రేవులో ఏది అనుమతించారో కనుక్కోండి. అవసరానికి మించిన పెయింటు కొనడం అంటే ఆ మిగులును సముద్రంలో పోయడమే, అటు డబ్బుకూ ఇటు నీటికీ నష్టం.

మళ్లీ పైకెత్తినప్పుడు

వచ్చే ఎంపికకు సాక్ష్యం దొరికేది పడవ నీళ్లలోంచి లేచిన మొదటి పది నిమిషాల్లో. ప్రెషర్ వాష్ మొదలుపెట్టకముందే ఫోటోలు తీయమని బోట్‌యార్డ్ వాళ్లను అడగండి, లేదా మీరే తీసుకోండి. ఏ తేదీన ఏ పెయింటు ఎన్ని లీటర్లు వేశారో ఒక పుస్తకంలో రాసి, ఆ ఫోటోలు దాని పక్కన పెట్టుకోండి.

పలుచటి పాచి మాత్రమే ఉండి నీళ్ల జల్లుకే పోతే పెయింటు బాగానే పనిచేసింది, మళ్లీ అదే వేయండి. మొదటి కోటు రంగు బయటపడిన చోట మాత్రమే గుల్లలు ఉంటే పెయింటు మంచిదే, మందం చాలలేదు. రంగు నిండుగా ఉండి దాని మీదే గుల్లలు కూర్చుంటే మందు అయిపోయింది, లేదా ఆ నీళ్లకు అది సరిపడలేదు, రకం మార్చాలి. వాటర్‌లైన్ వెంబడి పచ్చటి పట్టీ ఒక్కటే ఉంటే నాచు మందున్న పెయింటు చూడండి. కీల్ కింద, అడుగు పక్కల చతురస్రాల్లా గుల్లలు దట్టంగా ఉన్నాయా, అయితే అవి పోయినసారి స్టాండ్లు ఆనిన చోట్లు. అక్కడ రంగు పడనేలేదు. ఈసారి పడవ పట్టీల్లో వేలాడుతుండగానే ఆ చోట్లు గరుకు చేసి రెండు కోట్లు వేసేంత సమయం ఇవ్వమని, క్రేను నడిపే వాళ్లతో ముందుగానే మాట్లాడుకోండి.